నీటి అణువు లెవెల్ బుక్

లెవెలింగ్‌కి, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడానికి బయలుదేరినవాళ్ళు మొదలుపెట్టిన బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తేల్చిపెట్టిన గుర్తు) దగ్గరికే తిరిగి రావాలి. మా పనిలో మొదటి పాఠం అది. ఎక్కిన ఎత్తులన్నీ ఒక పక్క, దిగినవన్నీ ఇంకో పక్క కూడి తీసేస్తే సున్నా రావాలి. రాలేదంటే ఖలాసీ స్టాఫ్‌ని (అంకెలున్న కొలత కర్రని) అటో ఇటో వంచాడనో, బుడగ మధ్యలో లేదనో, 1.345 కాస్తా పుస్తకంలో 1.435 అయిందనో అర్థం. తప్పు ఎక్కడ జరిగిందో ఆ సున్నా చెప్పదు. జరిగిందని మాత్రం చెబుతుంది. మామూలు పనికి 24 రూట్ కే మిల్లీమీటర్ల తేడా దాకా ఒప్పుకుంటారు, కే అంటే నడిచిన దూరం కిలోమీటర్లలో. కృష్ణా డెల్టాలో కిలోమీటరుకి జానెడు వాలు కూడా లేని కాలవల మీద ఆ కాస్త తేడాకే టెన్షన్. వాలు లెక్క తప్పితే చివరి భూములకి నీళ్ళు అందవు, రైతులు ఆఫీసు ముందు కూర్చుంటారు.

ఇరిగేషన్‌లో ఇంజినీరుగా నా సర్వీసంతా ప్రకాశం బ్యారేజీకి దిగువనే గడిచింది. రిటైరై సత్యనారాయణపురంలో ఇంటిపట్టున ఉంటున్నాక లెవెలింగ్‌కి వాడే దుర్భిణి, ఆ డంపీ లెవెల్ గురించి మళ్ళీ ఆలోచిస్తానని అనుకోలేదు. ఆలోచించేలా చేసింది మా తమ్ముడి కూతురు. గుంటూరులో పుట్టి పెరిగిన పిల్ల, వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల వాతావరణాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. పండక్కి వచ్చినప్పుడు, మీ సబ్జెక్టులో నాకు అర్థమయ్యేది ఒక్కటైనా ఉందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అత్తా, నువ్వు కాలవల మీద చేసిన పనే నీటి అణువు మీద చేసినవాళ్ళున్నారు. పేపర్ పంపిస్తా, చదువు" అంది.

2020లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన పేపర్ అది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక లేజర్ ల్యాబ్ వాళ్ళూ, బుడాపెస్ట్‌లో అణువుల శక్తి లెక్కలు కట్టేవాళ్ళూ కలిసి రాశారు. మొదటిసారి చదివితే తల తిరిగింది. ఎప్పుడో చదివిన ఫిజిక్సు దుమ్ము దులిపి, మేనకోడలికి ఫోన్లు చేసి విసిగించి, నాకు పట్టుబడినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఖగోళం వాళ్ళకి దీనితో పనేమిటో చెప్పాలి. నీటి అణువు గిర్రున తిరుగుతుంది, దాని బంధాలు సాగి ముడుచుకుంటాయి. ఈ తిరుగుడుకీ ఊగుడుకీ ఎంత పడితే అంత శక్తి ఉండదు, కొన్ని నిర్ణీత స్థాయిలే ఉంటాయి. ఒక స్థాయి నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఆ తేడాకి సరిపోయే ఫ్రీక్వెన్సీ ఉన్న కాంతినో రేడియో తరంగాన్నో వదులుతుంది, లేదా పీల్చుకుంటుంది. స్పెక్ట్రంలో, అంటే ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసిన పటంలో, అదొక గీతగా కనిపిస్తుంది. ఆకాశంలో ఎక్కడో ఒక గీత కనిపించినప్పుడు ఇది నీళ్ళదే అనాలంటే, భూమి మీద ల్యాబ్‌లో ఎవరో ఒకరు ఆ గీత ఫ్రీక్వెన్సీ ముందే కొలిచి పెట్టి ఉండాలి. లేకపోతే అది ఊరూ పేరూ లేని గీత.

ఇందులో అన్నిటికంటే పేరున్నది 22.235 గిగాహెర్ట్జ్ గీత, అంటే 1.35 సెంటీమీటర్ల రేడియో తరంగం. దీని కథ రెండో ప్రపంచ యుద్ధం నాటి రాడార్లతో మొదలవుతుంది. చిన్న తరంగం అయితే గురి బాగా కుదురుతుందని అమెరికా వాళ్ళు 1.25 సెంటీమీటర్ల రాడార్ చేశారు. తీరా చూస్తే గాలిలో తేమ ఆ తరంగాన్ని మింగేస్తోంది. (మన మచిలీపట్నం తుఫాను రాడార్ 10 సెంటీమీటర్ల దగ్గరి తరంగం వాడుతుంది. అంత పొడుగు తరంగాన్ని తేమా వానా పెద్దగా ఏమీ చేయలేవు.) అప్పుడు బెల్ ల్యాబ్స్‌లో రాడార్ల పని చేసిన చార్ల్స్ టౌన్స్, యుద్ధం అయిపోగానే 1946లో ఇంకొకరితో కలిసి ఆ నీటి గీతని ల్యాబ్‌లోనే కొలిచాడు. 1954లో రేడియో తరంగాల్ని అణువులతో బలపరిచే మేజర్ అనే యంత్రం కట్టాడు. లేజర్‌కి అన్నయ్య లాంటి ఆ యంత్రానికి సంబంధించిన పనికే 1964లో నోబెల్ వచ్చింది.

1969లో ఆయన బృందమే ఓరియన్ నెబ్యులాలోనూ ఇంకో రెండు చోట్లా ఆ 22 గిగాహెర్ట్జ్ గీతని పట్టుకుంది. ఊహించినదానికంటే ఎన్నో రెట్లు బలంగా వచ్చింది. టౌన్స్ ల్యాబ్‌లో కష్టపడి కట్టిన మేజర్‌ని ప్రకృతి నక్షత్రాలు పుట్టే మేఘాల్లో ఎప్పుడో కట్టుకుని కూర్చుందన్నమాట. నాకు నచ్చిన సంగతి మాత్రం వేరే ఉంది. అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది ఒకే ఒక్క గీత. పక్కన పోల్చుకోవడానికి రెండో నీటి గీత లేదు. అయినా నీళ్ళే అని ధైర్యంగా చెప్పగలిగారంటే, ల్యాబ్‌లో కొలిచి పెట్టిన ఆ ఒక్క అంకె మీద ఉన్న నమ్మకం వల్లే. బెంచ్ మార్క్ విలువ నాకు వేరే వాళ్ళు చెప్పక్కర్లేదు.

ఆ గీత తర్వాత చాలా దూరమే వెళ్ళింది. ఎన్‌జీసీ 4258 అనే గెలాక్సీ నడిమధ్యన నీటి మేజర్లు సెకనుకి సుమారు 1000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాయని 1995లో తేల్చారు. అంత చిన్న చోట అంత వేగంగా తిప్పాలంటే మధ్యలో ఎంత బరువు ఉండాలో లెక్క కడితే సూర్యుడికి దాదాపు 4 కోట్ల రెట్లు వచ్చింది. అంటే బ్లాక్ హోల్. ఆ మేజర్ల కదలికల నుంచే గెలాక్సీ దూరం కూడా తీశారు, సుమారు 2.5 కోట్ల కాంతి సంవత్సరాలు. మధ్యలో ఏ మెట్టూ ఆసరా లేకుండా, నేరుగా జ్యామితితో.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సెకనుకి 1000 కిలోమీటర్ల వేగం కొలిచేవాళ్ళకి ల్యాబ్ అంకెలో చివరి కిలోహెర్ట్జ్ అక్కర్లేదు. 22 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక కిలోహెర్ట్జ్ తేడా అంటే వేగంలో సెకనుకి పదమూడున్నర మీటర్లు, అంతే. పొలం గట్టు వేయడానికి ప్రిసైజ్ లెవెలింగ్ చేయమంటే మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు నవ్వేవారు. కానీ నక్షత్రం ఇంకా పుట్టని చల్లటి మేఘాల్లో వ్యవహారం వేరు. అక్కడ వాయువు సెకనుకి కొన్ని వందల మీటర్ల వేగంతో మెల్లగా లోపలికి జారుతూ ఉంటుంది. 557 గిగాహెర్ట్జ్ దగ్గర నీటికి ఇంకో ముఖ్యమైన గీత ఉంది. మన గాలిలో తేమ దాన్ని పూర్తిగా మింగేస్తుంది కాబట్టి అంతరిక్షం నుంచే చూడాలి. 2009లో వెళ్ళిన హెర్షెల్ టెలిస్కోప్ అలాగే చూసింది. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ల్యాబ్ అంకెలో ఒక మెగాహెర్ట్జ్ తప్పు ఉంటే వేగంలో సెకనుకి 540 మీటర్ల తప్పు. మేఘం కూలుతోందో ఉబ్బుతోందో తారుమారైపోతుంది. నీటికి ఇలాంటి గీతలు వేలల్లో ఉన్నాయి, 557 లాంటి నాలుగైదింటిని జాగ్రత్తగా కొలిస్తే సరిపోదు.

ఇక ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళ పని. వాళ్ళు ఎంచుకున్నది 1.4 మైక్రాన్ల దగ్గరి ఇన్‌ఫ్రారెడ్. మామూలు గది వేడిలో నీటి అణువులు అన్ని దిక్కులకీ పరుగులు తీస్తుంటాయి. దగ్గరికొచ్చేవి ఒక ఫ్రీక్వెన్సీనీ దూరం పోయేవి ఇంకో ఫ్రీక్వెన్సీనీ పీల్చుకోవడం వల్ల గీత సుమారు 600 మెగాహెర్ట్జ్ వెడల్పుకి పరుచుకుంటుంది. అంత వెడల్పాటి దాని మధ్యబిందువుని కొన్ని కిలోహెర్ట్జ్‌లకి కొలవాలంటే కుదిరే పని కాదు. అందుకే ఎదురెదురు అద్దాల మధ్య లేజర్ కాంతిని వేల సార్లు అటూ ఇటూ పరిగెత్తిస్తారు. రెండు దిక్కుల నుంచీ వచ్చే కాంతి ఒకేసారి తగిలేది అటూ ఇటూ కదలని అణువులకే. ఆ అణువులు కాంతితో నిండిపోయి ఇక పీల్చుకోలేవు, దాంతో వెడల్పు గీత సరిగ్గా మధ్యలో సన్నటి గుంట పడుతుంది. దాన్ని ల్యాంబ్ డిప్ అంటారు. ఆ గుంట ఎక్కడుందో చూడడానికి అణుగడియారానికి కట్టేసిన ఫ్రీక్వెన్సీ కోంబ్ అనే, దువ్వెన పళ్ళ లాంటి గుర్తులున్న కాంతి స్కేలు వాడతారు (దానికి 2005లో నోబెల్ వచ్చింది). సెకనుకి సుమారు 200 లక్షల కోట్ల సార్లు ఊగే కాంతిని కొన్ని వేల ఊగుల తేడాతో చెప్పడమంటే, లక్ష కిలోమీటర్ల పొడుగులో కొన్ని మిల్లీమీటర్లకి మించి తప్పు రానివ్వకపోవడం.

పరికరం బాగుంటే చాలదని మా ఫీల్డులో దిగినవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళకీ తెలుసు. ఏ గీతలు కొలవాలో బుడాపెస్ట్ వాళ్ళు ముందే గీసి ఇచ్చారు. శక్తి స్థాయి ఒక్కొక్కటీ ఒక బెంచ్ మార్క్ అనుకోండి, కొలిచిన గీత ఒక్కొక్కటీ రెండు బెంచ్ మార్కుల మధ్య ఎత్తు తేడా. కింద రెండు స్థాయిలు, పైన రెండు స్థాయిలు తీసుకుంటే నాలుగు గీతలతో ఒక చుట్టు పూర్తవుతుంది. మొదటి కింది స్థాయి నుంచి పైకి, అక్కడి నుంచి రెండో కింది స్థాయికి, మళ్ళీ ఇంకో పై స్థాయికి, చివరికి బయలుదేరిన చోటికి. ఎక్కినవీ దిగినవీ కూడి తీసేస్తే సున్నా రావాలి. రాకపోతే ఆ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పు. ఈ సూత్రం 1908లో రిట్జ్ చెప్పినదే, కొత్తది కాదు. కొత్తగా చేసిందేమిటంటే, వేల స్థాయిలున్న నీటి అణువు మొత్తానికి పటం వేసి, ఏ గీత కొలిస్తే ఎక్కువ చుట్లు మూసుకుంటాయో చూసుకుని దాని వెంటే పోవడం. కొలత దొరికింది గదా అని కొలవలేదు. ఈ ముందుచూపు నాకు భలే నచ్చింది. మా రోజుల్లో జీపు ఎటు పోతే లెవెలింగ్ అటు పోయేది.

చిక్కు ఎక్కడొచ్చిందో చెబుతాను, అసలు పేపర్ మొత్తంలో నన్ను పట్టుకున్నది అదే. నీటిలో రెండు హైడ్రోజన్లు. వాటి కేంద్రకాల స్పిన్‌లు (చిన్న అయస్కాంతాల దిశలు అనుకోండి) ఒకే వైపు ఉంటే ఆర్థో నీరు, ఎదురుబొదురుగా ఉంటే పారా నీరు. మామూలు వేడిలో మూడు పాళ్ళు ఆర్థో, ఒక పాలు పారా. ఆర్థో స్థాయి నుంచి పారా స్థాయికి దూకే గీత ఇంతవరకూ ఎవరూ కొలవలేదు. కృష్ణకి రెండు ఒడ్లూ ఉన్నాయి, ఈ ఒడ్డున లెవెల్స్ అన్నీ తెలుసు, ఆ ఒడ్డునా తెలుసు, మధ్యలో బ్యారేజీ లేదు. ఇంకా చెప్పాలంటే ఒక్కో ఒడ్డూ మళ్ళీ రెండు ముక్కలు. ఇన్‌ఫ్రారెడ్ గీతలతో ఎంత ఎక్కి దిగినా స్థాయిల్లో సగంవాటినే చేరుకుంటాం, మిగతా సగానికి దారి ఉండదు. ఆ ముక్కల్ని అతకాలంటే అణువు తిరుగుడులో మార్పు ఒక్కటే ఉన్న మైక్రోవేవ్ గీత ఒక్కటైనా నేరుగా కొలిచినది కావాలి. అందుకే తాము కొలిచిన 156 గీతలకి, గొలుసు తెగకుండా, ఇతరులు ఎప్పుడో అతి జాగ్రత్తగా కొలిచిన 28 గీతలు కలుపుకున్నారు. పాత లెవెల్ బుక్కులు పారేయకూడదని నేను మా జూనియర్లకి చెప్పి చెప్పి అలిసిపోయాను.

ఆర్థోకీ పారాకీ మధ్య నది దాటించిన తీరు ఇంకా బాగుంది. అణువు బాగా వేగంగా తిరిగే కొన్ని ఎత్తైన స్థాయిల్లో ఒక ఆర్థో స్థాయీ ఒక పారా స్థాయీ దాదాపు ఒకే ఎత్తున ఉంటాయి. వాటి మధ్య మిగిలిన ఆ కాస్త తేడాని సిద్ధాంతం నమ్మకంగా లెక్క కట్టి ఇవ్వగలదు. అక్కడ దాటి, ఆ ఒడ్డున కిందికి దిగి వచ్చారు. అలా తేలిన అతి కింది ఆర్థో స్థాయి ఎత్తు 23.79436122 సెంటీమీటర్ ఇన్వర్స్ (స్పెక్ట్రం వాళ్ళు శక్తిని చెప్పుకునే కొలమానం). దశాంశం తర్వాత ఎనిమిది అంకెలు, చివరి రెండింటిలోనే కాస్త అనుమానం. వంతెన లేని చోట మేము రెసిప్రోకల్ లెవెలింగ్ చేసి రెండు ఒడ్ల నుంచీ రీడింగులు తీసి సగటు వేసేవాళ్ళం. నది ఇరుకుగా ఉన్న చోటే దాటాలి అన్న తెలివి మాత్రం రెండు పనుల్లోనూ ఒకటే.

ఫలితం: 160 స్థాయిలు కిలోహెర్ట్జ్ కచ్చితత్వంతో. ఆ స్థాయిల మధ్య తేడాలు తీస్తే 1219 గీతలు, పరికరాలని సరిచూసుకోవడానికి ప్రమాణంగా పెట్టుకోదగ్గవి. ల్యాబ్‌లో కొలిచింది 156, చేతికొచ్చింది 1219! వాటిలో చాలావాటి దరిదాపుల్లోకి ఆ లేజర్ వెళ్ళనే లేదు.

గ్రహాల సంగతికి వస్తే, పేపర్లలో "నీళ్ళు దొరికాయి" అని వచ్చే వార్తలు చూసి మా వీధిలో అందరూ నన్ను అడుగుతారు, మేనకోడలు చేసేది అదేగా అని. 2022 జూలైలో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ మొదటి ఫలితాల్లోనే వాస్ప్-96బి అనే వేడి గ్రహం వాతావరణంలో నీటి ఆవిరి కనిపించింది. అది చాలా మోటుగా చూసే స్పెక్ట్రం, అందులో విడి గీతలు కనిపించవు, గుంపుగా ఒక మిట్ట కనిపిస్తుంది. దానికి కిలోహెర్ట్జ్ కొలత అక్కర్లేదు. మోటుగా చూడడంలో ఇబ్బంది ఏమిటో కే2-18బి అనే ఇంకో గ్రహం చూపించింది. హబుల్ అదే 1.4 మైక్రాన్ల దగ్గర చూసినదాన్ని బట్టి 2019లో అక్కడ నీటి ఆవిరి ఉందన్నారు. 2023లో జేమ్స్ వెబ్ చూస్తే స్పష్టంగా కనబడింది మీథేన్. ఆ 1.4 మైక్రాన్ల దగ్గర మీథేనూ కాంతిని పీల్చుకుంటుంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

గీతల్ని విడివిడిగా చూడగలిగే పెద్ద టెలిస్కోపులతో పని చేసేవాళ్ళకి మాత్రం ల్యాబ్ అంకెలే ఆధారం. గ్రహం నక్షత్రం చుట్టూ తిరుగుతున్న కొద్దీ దాని నీటి గీతలన్నీ కలిసికట్టుగా అటూ ఇటూ జరుగుతాయి. ఒక్కో గీతా గోలలో కనిపించనంత బలహీనం. వేల గీతల్ని పట్టికతో పోల్చి ఒకేసారి కలిపితేనే సంకేతం తేలుతుంది. పట్టికలో స్థానాలు తప్పైతే ఎంత కలిపినా ఏమీ తేలదు. వేడి గ్రహాల కోసం సిద్ధాంతం వాళ్ళు లెక్క కట్టిన నీటి గీతల పట్టికలు ఉన్నాయి. 2006 నాటి దానిలో 50 కోట్ల గీతలు, 2018లో వచ్చిన దానిలో దాదాపు 600 కోట్లు. అన్నీ కొలవడం ఎవరి తరమూ కాదు. కొలిచిన స్థాయిల దగ్గర లెక్కని దిద్దుకుంటూ పోతారు. మా అమ్మాయి వాడేది ఇలాంటి పట్టికలే. "మరి కొలిచినవాళ్ళ పేర్లు మీ పేపర్లలో వేస్తారా?" అని అడిగాను. "వేస్తాం అత్తా, చివర్లో, చిన్న అక్షరాల్లో" అంది.

సూర్యుడి మీద కూడా నీళ్ళున్నాయని మీకు తెలుసా? సూర్యుడి మచ్చలు మిగతా ఉపరితలం కంటే చాలా చల్లన, 3000 డిగ్రీల చిల్లర. నీటి అణువు ముక్కలైపోకుండా కొంత మిగులుతుంది. ఆ స్పెక్ట్రంలో వేల గీతలు కిక్కిరిసి ఉంటాయి. ల్యాబ్‌లో నీటిని బాగా వేడెక్కించి తీసిన స్పెక్ట్రంతో పక్కపక్కన పెట్టి చూసి 1995లో ఇవి నీళ్ళవే అన్నారు. ఏ గీత ఏ స్థాయిల మధ్యదో చెప్పడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

మన బెజవాడ గాలికి ఇన్‌ఫ్రారెడ్ ఖగోళం పనికిరాదు, ఆ సంగతి జూలైలో ఇస్త్రీ చొక్కా వేసుకుని బీసెంట్ రోడ్డులో నడిచిన ఎవరైనా చెబుతారు. లడఖ్‌లో హాన్లే అంత ఎత్తుకీ పొడి గాలికీ పోవాలి. చిలీలో 5000 మీటర్ల ఎత్తున ఆల్మా అనే రేడియో టెలిస్కోప్ కట్టినచోట కూడా మిగిలిన ఆ కాస్త తేమ రేడియో తరంగాలని ఆలస్యం చేస్తుంది. అందుకని ఒక్కో పెద్ద డిష్ మీదా నెత్తి మీది నీటి ఆవిరిని 183 గిగాహెర్ట్జ్ గీతతో కొలిచే పరికరం పెట్టారు. ఆకాశంలో నీళ్ళు వెతకడానికి నీటి గీత కావాలి, అడ్డొచ్చే నీళ్ళని లెక్కలోంచి తీసేయడానికీ నీటి గీతే కావాలి.

మొన్న మేనకోడలు ఫోన్‌లో చెప్పింది, ఆ ఆమ్‌స్టర్‌డామ్, బుడాపెస్ట్ వాళ్ళు 2021లో బరువు ఆక్సిజన్ ఉన్న నీటికి, అంటే ఆక్సిజన్-18 నీటికి, ఇదే పద్ధతిలో స్థాయిలు తీశారట. దాని అవసరం తోకచుక్కల దగ్గర వస్తుంది. మామూలు నీటి గీత ఎంత బలమైనదంటే, దాని నుంచి నీళ్ళ మొత్తాన్ని సూటిగా లెక్క కట్టడం కష్టం. ఆక్సిజన్-18 నీరు తక్కువ కాబట్టి దాని గీతని నమ్మవచ్చు, దాని నుంచి మొత్తం నీళ్ళు ఎన్నో గుణించుకోవచ్చు. 2011లో హెర్షెల్ వాళ్ళు హార్ట్‌లీ 2 అనే తోకచుక్కలో అలాగే చేసి, అక్కడి నీటిలో బరువు హైడ్రోజన్ పాలు మన సముద్రాల్లో ఉన్నంతే ఉందని తేల్చారు. మూడేళ్ళ తర్వాత రోసెట్టా నౌక ఇంకో తోకచుక్క దగ్గరికి పోయి కొలిస్తే మూడు రెట్లకి పైగా వచ్చింది. అంటే మన సముద్రాల నీళ్ళు తోకచుక్కల నుంచి వచ్చాయా లేదా అన్నది ఇంకా తెగలేదు. 2021 పేపర్ కూడా పంపమన్నాను. చుట్లు ఎన్ని మూసుకున్నాయో చూడాలి.